కొసరు

మేకలు బల్ల ఎక్కనన్నాయి.

వ్యాను వెనక తలుపు తీసి, చెక్కబల్ల నేలకి వాల్చి, డ్రైవరు అరిచాడు, తోశాడు, చెవులు పట్టుకుని లాగాడు. ముందున్న గోధుమరంగు మేక నాలుగు కాళ్ళూ నేలలో పాతేసినట్టు నిలబడింది. అది కదిలితేనే మేమూ కదులుతాం అన్నట్టు మిగతావి దాని వెనకే ఆగిపోయాయి. డ్రైవరు విసిగిపోయి ఒక మేకపిల్లని ఎత్తి లోపల పడేశాడు. రెండోదాన్ని ఎత్తేలోగా మొదటిది దూకేసింది.

"తలప్రాణం తోకకొచ్చింది బాబోయ్," అని వాడు చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

మేకలక్క దొడ్డి గేటుకి ఆనుకుని అంతా చూస్తోంది. ఆ వీధిలో ఆమెని అందరూ మేకలక్క అనే అంటారు. కోపం వచ్చినప్పుడు సొంత చెల్లెలు కూడా అలాగే అంటుంది.

"నువ్వు కాస్త తప్పుకో నాయనా. మేస్త్రీ చూసుకుంటాడు," అంది.

"మేస్త్రీ ఎవరు?" అని ఫారం ఆయన చుట్టూ చూశాడు. మేకల్ని కొన్నది ఆయనే. ఊరి అవతల, పెద్దరోడ్డు దాటాక, ఆయనకి పాల ఫారం ఉంది. ఎంత చూసినా మనిషన్నవాడు కనిపించలేదు. గడ్డి మోపుల నీడలో పడుకున్న నల్లకుక్క ఒకటి మాత్రం లేచి, ముందుకాళ్ళు చాచి, తీరిగ్గా ఒళ్ళు విరుచుకుంది.

పేరుకి తగ్గ కుక్కే అది. ఒక చెవి ఎప్పుడూ నిక్కబొడుచుకుని ఉంటుంది, రెండోది ఎప్పుడూ వాలిపోయి ఉంటుంది. దొడ్డిలో ఎవరు ఎక్కడ పడుకోవాలో, ముందు ఎవరు నీళ్ళు తాగాలో, ఎవరిని ఎవరు కుమ్మకూడదో అన్నీ వాడే చూసుకోవాలి. కోడిపుంజులు కొట్టుకుంటుంటే మధ్యకి వెళ్ళి నిలబడి ఆవలిస్తాడు. అంతే, వాటి పౌరుషం కాస్తా చల్లారిపోతుంది. పిల్లిని పాలగిన్నె దగ్గరికి రానివ్వడు. కాకపోతే మేకలక్క అటు తిరిగితే తనూ అటే తిరుగుతాడు, పిల్లి పని పిల్లి కానిచ్చేసుకుంటుంది. ఆ మధ్య ఒక పెట్ట వాడు పడుకునే గోనెపట్టా మీద ఎక్కి గుడ్లు పొదగడం మొదలుపెట్టింది. ఇంత ఒళ్ళున్నవాడు దాన్ని ఒక్క మాట అనలేక, పిల్లలు లేచేదాకా వానలో గేటు పక్కన తడుస్తూ పడుకున్నాడు. ఆ పిల్లలు వీపెక్కి తొక్కుతుంటే కళ్ళు మూసుకుని భరించాడు. "పనీ లేదు, తీరికా లేదు వీడికి," అని చెల్లెలు నవ్వేది.

మేస్త్రీ బల్ల చుట్టూ తిరిగి వాసన చూశాడు. తను ఒకసారి ఎక్కాడు, దిగాడు. అప్పుడు వెళ్ళి గోధుమమేక వెనక కూర్చున్నాడు. మొరగలేదు, పళ్ళు చూపించలేదు. మేక తల తిప్పి చూసింది. వాడు ఇంకొంచెం జరిగి కూర్చున్నాడు. మేక ఒక కాలు బల్ల మీద పెట్టింది. వాడు మళ్ళీ జరిగాడు. ఈసారి అది, నేనెక్కాలనుకున్నాను గనక ఎక్కుతున్నాను, నీ గురించి కాదు అన్నట్టు తల ఎగరేసి లోపలికి నడిచింది. మిగతావి బిలబిలా దాని వెనకాల ఎక్కాయి.

"వార్నీ!" అన్నాడు ఫారం ఆయన. "మా దగ్గర మనుషులున్నారు, ఎందుకూ? ఇది చూడు." నవ్వుతూ మేకలక్క వైపు తిరిగాడు. "ఇన్ని కొన్నాను కదా, కొసరేం లేదా అక్కా?"

కూరలు కొన్నవాడు చివర్లో నాలుగు మిరపకాయలు వెయ్యమన్నట్టు, నవ్వులాటకే అన్నాడు. మేకలక్క నవ్వలేదు. దొడ్డి ఉన్న జాగాలో ఇల్లు కడతామని జాగా వాళ్ళు చెప్పినప్పటి నుంచి ఆమెకి ఇదే దిగులు. తను చెల్లెలి దగ్గరికి, మేడ మీద గదిలోకి వెళ్ళిపోతుంది. పిల్లిని ఇస్త్రీ ఆయన ఉంచుకుంటానన్నాడు. కోళ్ళు ఎవరి కూరైనా అవుతాయి. మరి వీడు? మేడ ఇంటావిడ కుక్క మాట ఎత్తగానే తలుపేసుకుంది. ఫారం ఆయన్నే అడుగుదామని పొద్దున్నుంచీ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. ఇప్పుడు ఆయనే అడిగాడు.

"వీణ్ణి తీసుకెళ్ళండి," అంది.

"ఏంటీ, నిజంగానే?"

"మేకలున్న చోటే వాడుంటే మంచిది. వేళకి ఇంత పెట్టండి. కట్టెయ్యకండి. కట్టేస్తే తినడు."

గోనెసంచులు మడతపెడుతున్న చెల్లెలు చటుక్కున తలెత్తింది. అక్క మొహం చూసి మళ్ళీ సంచుల మీదికి వంగింది.

మేకలన్నీ ఎక్కాక మేస్త్రీ బల్ల దగ్గర కూర్చుని మేకలక్క మొహంలోకి చూస్తున్నాడు, మాట కోసం. ఆమె వంగి, రెండు చేతులతో వాడి తల పట్టుకుని, కళ్ళ మూలల్లో పుసి బొటనవేలితో తీసింది. ఏడిస్తే వాడు కదలడని తెలుసు.

"వెళ్ళి రా నాన్నా," అంది.

మేస్త్రీ ఒక్క గెంతులో వ్యాను ఎక్కేశాడు.

*

మర్నాడు పొద్దున్నే మేకలక్క లేచి కూర్చుంది గాని, లేచి ఏం చెయ్యాలో తెలియలేదు. చెల్లెలి దుప్పటి మీద వేళ్ళు వాటంతట అవే ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. పాలు పితికే వేళ అది.

"అక్కా, నా దుప్పటికి పొదుగు లేదే. వదిలెయ్," అంది చెల్లెలు, కళ్ళు తెరవకుండానే.

"నీ నోరు కుట్టేసుకో. మిషను ఉందిగా."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక గది చిన్నదైనట్టనిపించింది. కుట్టుమిషను, మంచం, స్టవ్వు, కిటికీ నిండా అవతలి మేడ గోడ. చెల్లెలు టీ ఇచ్చింది. దొడ్డిలో మిగిలిన రేకులు, తొట్టి తెచ్చుకోవాలని ఇద్దరూ బయల్దేరారు.

దొడ్డి ఖాళీగా ఉంటే ఇంత పెద్దదా అనిపించింది. గడ్డి ఊడ్చి, తాళ్ళు విప్పి, తొట్టిలో నీళ్ళు ఒంపేస్తుంటే వీధి చివర హారన్లు మోగాయి. ఎవరో తిట్టారు. ఇస్త్రీ ఆయన బండి వదిలేసి వీధి మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

"మేకలక్కా! ఏయ్ మేకలక్కా! నీ సంత వస్తోంది చూడు!"

గోధుమమేక ముందు, మిగతావి వెనక, వీధి మొత్తం ఆక్రమించుకుని వస్తున్నాయి. స్కూటర్లు పక్కకి తప్పుకుంటున్నాయి. బడికెళ్ళే పిల్లలు గోడెక్కి ఈలలు వేస్తున్నారు. అన్నిటికంటే వెనక, ఒకసారి ఆ పక్కకీ ఒకసారి ఈ పక్కకీ తిరుగుతూ, నాలుక వేలాడేసుకుని మేస్త్రీ.

మేకలక్కకి కాళ్ళు ఆగలేదు. చీపురు పారేసి పరిగెత్తింది. ఒకదాని మెడ, ఒకదాని చెవి, చేతికి ఏది దొరికితే అది తడిమింది. పెద్దగా నవ్వింది, ఏడ్చింది. ఎన్నాళ్ళో విడిచి ఉన్నట్టు, ఏ దేశం నుంచో వచ్చినట్టు. మేస్త్రీ వచ్చి తన మూతి ఆమె అరచేతిలో పెట్టాడు. ప్రతి సాయంత్రం మేకల్ని తోలుకొచ్చాక వాడు అప్పజెప్పే తీరు అది. వాడి అరికాళ్ళు పగిలి రక్తం కారుతోంది.

మేకలు వాటి వాటి చోట్లలో సర్దుకున్నాయి. మేకలక్క గేటు వెయ్యబోతే మేస్త్రీ గేటుకీ స్తంభానికీ మధ్య నిలబడ్డాడు. తోస్తే కదల్లేదు.

"ఏమైందిరా?"

వాడు రోడ్డు వైపు చూసి సన్నగా మూలిగాడు. మందలో ఒకటి తక్కువైనప్పుడు తప్ప వాడు గేటుకి అడ్డం పడడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. గోధుమమేక పక్కన దాని తెల్లపిల్ల లేదు.

కాసేపటికి తెల్లపిల్లని ఫారం ఆయనే తీసుకొచ్చాడు, గోనెసంచిలో చుట్టి. పెద్దరోడ్డు మీద ఏ లారీయో కొట్టింది. ఆయన సంచిని గేటు దగ్గర పెట్టగానే మేస్త్రీ వెళ్ళి వాసన చూసి, దాని పక్కనే పడుకున్నాడు. గేటు వెయ్యనిచ్చాడు ఇక.

"ఏమ్మా, అమ్మినట్టే అమ్మి కుక్క చేత వెనక్కి రప్పించుకుంటున్నావా?" ఫారం ఆయన గొంతు వీధంతా వినబడింది. "కంచె కింద మట్టి తవ్వి, ఒక్కోదాన్నీ దాటించి తెచ్చింది. నేర్పి పంపకపోతే కుక్కకి ఇంత తెలివి ఎక్కడిది?"

"నేనేమీ నేర్పలేదండీ."

"మరి ఎందుకొచ్చింది?"

"మా అక్కని దొంగని చేస్తారేంటండీ?" అని చెల్లెలు అడ్డం వెళ్ళింది. "కొసరు అడిగింది ఎవరు? కుక్కని అడిగి తీసుకెళ్ళి, ఇప్పుడు కుక్కకి తెలివుందని గొడవా?"

ఇస్త్రీ ఆయన కిసుక్కున నవ్వి, సంచి వైపు చూసి ఆపేశాడు. ఫారం ఆయన చెడ్డవాడు కాదు. నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.

"చూడక్కా. మేకపిల్ల పోతే పోయింది. రేపు వీటిని తప్పించబోయి ఏ స్కూటరువాడో పడి చస్తే? ఎవరిది పాపం? డాక్టరు మా పశువుల్ని చూడ్డానికి వారం వారం వస్తాడు. ఈ కుక్క ఇంకోసారి మేకల్ని రోడ్డెక్కిస్తే సూది వేయించేస్తాను. తర్వాత నన్నేం అనొద్దు."

ఆయన మేకల్ని ఎక్కించడానికి మనుషుల్ని తీసుకొస్తానని వెళ్ళాడు. అక్కాచెల్లెళ్ళు తొట్టి అంచు మీద కూర్చున్నారు. చెల్లెలు చాలాసేపు మేస్త్రీని చూసి, మెల్లిగా అడిగింది.

"అక్కా, నిన్న బండి ఎక్కించేటప్పుడు వాడితో ఏమన్నావు?"

"ఏమంటాను? వెళ్ళి రా అన్నాను."

"రోజూ సాయంత్రం కాలవగట్టు మీద మేకలుంటే, ఇక్కడ నిలబడి వాడితో ఏమంటావు?"

మేకలక్క మేస్త్రీ వైపు తిరిగింది. రోజూ అనేదీ అదే మాట.

గుమ్మం దాటేవాళ్ళని పొమ్మని ఎవరంటారు? పొమ్మంటే పోయినట్టే అని, పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరినీ పొమ్మనలేదు. చావుబతుకుల్లో ఉన్న భర్తని ఆసుపత్రికి తీసుకెళ్తున్నప్పుడు కూడా వెళ్ళి రా అనే అంది. ఆ మాట మనుషులకి మర్యాద. మేస్త్రీకి అది పని. వెళ్ళు, ఉన్నవాటినన్నిటినీ కూడగట్టు, తోలుకుని రా. వాడు చెప్పిన పని చేశాడు. ఊరు దాటి, పెద్దరోడ్డు దాటి, కాళ్ళు పగలగొట్టుకుని చేశాడు.

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది పెద్దరోడ్డు దాటింది," అంది చెల్లెలు. అనేసి, సంచి వైపు చూసి నాలుక కరుచుకుంది.

"నేనే చంపాను దాన్ని," అంది మేకలక్క.

"పిచ్చిదానా, నువ్వెందుకు చంపుతావే?"

"నా నోరే."

ఇంటావిడ కాళ్ళు పట్టుకుని అయినా కుక్కని మేడ మీద ఉంచుదామని చెల్లెలు అంది. మిషను చప్పుడుకే ఆవిడ కిందనుంచి కర్రతో కప్పు పొడుస్తుంది. ఒకవేళ ఒప్పుకున్నా, ఆ గదిలో కిటికీ గోడ చూస్తూ, మేకల్లేకుండా వాడేం చేస్తాడు? కూర్చుని కూర్చుని చస్తాడు. మేకలక్క కళ్ళు తుడుచుకుని లేచింది. ఫారం ఆయన తిరిగి రాగానే ఎదురెళ్ళింది.

"నన్ను రోజూ ఫారానికి రానివ్వండి. వాడికి ఇల్లు మారిందని నేను చెప్తాను."

"కుక్కకి ఎలా చెప్తావు?"

"తెలియదు. డాక్టరు వచ్చేదాకా చూడండి. అప్పటికీ వాడు వినకపోతే మీ ఇష్టం."

*

ఫారంలో పాలు పితికే ఆవిడని అందరూ మైకమ్మ అంటారు. ఇక మీద మేకల్ని చూసుకోవలసిందీ ఆమే. రహస్యం చెప్పినా నాలుగు పాకల అవతలికి వినబడుతుంది. ఆవులంటే ప్రాణం, కుక్కలంటే హడలు.

"చిన్నప్పుడు ఒకటి పిక్క పట్టేసింది పెద్దమ్మా. అప్పట్నుంచీ కుక్క బొమ్మున్నా ఆ గోడ పక్క నడవను," అంది.

"మీరేం ముట్టుకోనక్కర్లేదు. మాట చెప్తే చాలు."

మేకలక్క వచ్చేసరికి మేస్త్రీని గొలుసుతో కట్టేసి ఉంచారు. గిన్నెలో అన్నం ఎండిపోయి ఉంది. ఫారంలో ఒక తల్లిలేని దూడ వాడి వాలిపోయిన చెవిని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. వాడు ఎటూ కదల్లేక, తప్పదురా భగవంతుడా అన్నట్టు మెడ సాచి నిలబడ్డాడు. ఆమెని చూడగానే దూడ నోట్లోంచి చెవి లాక్కుని ఏడ్చాడు. అచ్చం మనిషిలాగే. గొలుసు విప్పగానే ఆమె చుట్టూ తిరిగి, కొంగు లాగి, మీదికెక్కి, అంతలో ఏదో గుర్తొచ్చినట్టు మేకల దగ్గరికి పరిగెత్తాడు. అన్నిటినీ కూడగట్టి, తోలుకొచ్చి, ఊరి వైపున్న గేటు ముందు వరసగా నిలబెట్టాడు. ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిందనుకున్నాడు.

"చూశారా, ఎంత తెలివో!" అని మైకమ్మ చప్పట్లు కొట్టింది. మేకలక్క అటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది.

పాఠం మొదలైంది. మేకలక్క బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. మైకమ్మ పది గజాల అవతల, చేతిలో పాలచెంబు కవచంలా పట్టుకుని నిలబడింది. మేకలు దూరంగా కంచె వార మేస్తున్నాయి.

"పోయి రా!" అని మైకమ్మ అరిచింది. చెట్టు మీద పిట్టలు లేచిపోయాయి. మేస్త్రీ ఆమె వైపు చూసి, మేకలక్క వైపు చూశాడు. ఎవరీవిడ, ఏమిటీ గోల అన్నట్టు.

"పోయి రా కాదు. వెళ్ళి రా."

"రెండూ ఒకటే కదా పెద్దమ్మా?"

"మనకి ఒకటే. వాడికి కాదు. అరవకండి. చివర కొంచెం సాగదియ్యాలి. దగ్గరున్నవాళ్ళకి చెప్పినట్టు చెప్పండి."

"దగ్గరున్నవాళ్ళకి కూడా నేను ఇలాగే చెప్తాను."

మేకలక్కకి నవ్వొచ్చింది. తన తలగుడ్డ విప్పి మైకమ్మకి కట్టింది. ఏళ్ళ తరబడి మేకల మధ్య తిరిగిన గుడ్డ, ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ వాసన పోదు. మైకమ్మ ఈసారి గొంతు తగ్గించి అంది. మేస్త్రీ గాలి పీల్చాడు, మెడ వంకరగా పెట్టి ఆలోచించాడు, వెళ్ళాడు. మేకల్ని చుట్టి తెచ్చాడు. మైకమ్మ పక్కనుంచి దాటించుకుని నేరుగా బకెట్టు దగ్గరికి తెచ్చి, మూతి మేకలక్క చేతికి ఆనించాడు.

ఆమె గుప్పిట బిగించింది.

వాడు గుప్పిటని ముక్కుతో పొడిచాడు. నాకాడు. ఇంకో చేతి దగ్గరికి వెళ్ళాడు, అదీ మూసే ఉంది. వెనక్కి జరిగి మేకల్ని ఒకసారి చూసుకున్నాడు. ఏమైనా తగ్గాయా, ఏదైనా తప్పు చేశానా అని వెతుక్కున్నట్టు. మళ్ళీ వచ్చి మూతి ఆనించాడు. మేకలక్క లేచి దాణా కొట్టు వెనక్కి వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుంది. వాడు అక్కడికీ వచ్చాడు.

ఆ వారం అంతా ఇదే పని. మైకమ్మ మాట కుదిరింది, భయం కూడా కొంత తగ్గింది. వాడు వచ్చి పక్కన నిలబడితే కళ్ళు మూసుకుని ఒక వేలితో తల తాకేది. కాని తెచ్చిన మందని వాడు మేకలక్కకే అప్పజెప్పేవాడు. ఆమె రోజంతా గుప్పిళ్ళు బిగించి కూర్చునేది. వాడితో ఒక్క మాట మాట్లాడేది కాదు, వాడి కళ్ళలోకి చూసేది కాదు. ఇంటికొచ్చాక చెల్లెలు ఆ వేళ్ళు పట్టుకుని ఒక్కోటీ విప్పి నూనె రాసేది.

"ఏమన్నా విన్నాడా?"

"వింటున్నాడు. వదలట్లేదు."

"నువ్వు వదిలావా?"

మేకలక్క చెయ్యి లాగేసుకుంది.

*

డాక్టరు రావలసిన రోజు వచ్చేసింది. ఫారం ఆయన పొద్దున్నే ఆవుల పాక దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తున్నాడు. అది చూసి మేకలక్కకి భయం వేసింది. మైకమ్మ ఎప్పుడూ లేనంత మెల్లిగా మాట చెప్పింది. మేస్త్రీ వెళ్ళాడు, తెచ్చాడు, బకెట్టు దగ్గరికే వచ్చాడు. మళ్ళీ పంపింది. మళ్ళీ అంతే.

"పెద్దమ్మా, నేను సరిగ్గానే అన్నాను కదా?" మైకమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంకోసారి అననా?"

"వద్దు. అలిసిపోయాడు. వదిలెయ్యండి కాసేపు."

మేస్త్రీ మేకల వెంట కంచె వారకి వెళ్ళిపోయాడు. మైకమ్మ పాలచెంబులు కడగడానికి కూర్చుంది. ఎండ ఎక్కింది. మేకలక్క ఊరి వైపు గేటు చూస్తూ, డాక్టరు మోటారుసైకిలు చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంది. చప్పుడు వస్తే ఏం చెయ్యాలో అనుకుంది. కాళ్ళ మీద పడాలి. కుక్కని తీసుకుని ఎటైనా పోవాలి. ఎటు?

మోటారుసైకిలుకి ముందు మేస్త్రీ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. మేకలు లేకుండా, ఒక్కడే, పొదల వైపు నుంచి, చెవి వెనక్కి వాల్చి నేలకి అంటుకుపోయినట్టు పరుగు. ఆ పరుగు మేకలక్కకి తెలుసు. ఏదో మేక ఈనబోతోంది. నొప్పులు మొదలవ్వకముందే వాడు ఎలాగో పసిగడతాడు. కాన్పు దగ్గరపడ్డ మేక చాటు వెతుక్కుని పోయినా వెంటే పోయి, అది ఎక్కడుందో చూసి, వచ్చి ఆమె కొంగు పళ్ళతో పట్టుకుంటాడు. ఎన్ని కాన్పులు అలా చేసిందో! మందలో నిండుగా ఉన్నది మచ్చలమేక. తొలిచూలు.

ఆమె చెయ్యి దానంతట అదే లేచింది.

మేస్త్రీ మేకలక్కకీ మైకమ్మకీ మధ్యకి వచ్చి ఆగాడు. డొక్కలు ఎగిసిపడుతున్నాయి. మేకలక్క వైపు చూశాడు. ఈ వారంలో మొదటిసారి ఆమె కూడా వాడి కళ్ళలోకి చూసింది. రమ్మంటే వచ్చేస్తాడు. చెయ్యి చాపితే చాలు. అక్కడ ఒక మేక నొప్పులు పడుతోంది, ఇక్కడ తను ఉంది, తన చేతులున్నాయి. ఇది పాఠం కాదు, నిజం పని. ఇప్పుడు కూడా కాదంటే ఎలా?

ఆమె చెయ్యి దించి, ఒడిలో పెట్టుకుని, దాని మీద రెండో చెయ్యి పెట్టింది. తల వంచి నేలకేసి చూసింది.

మేస్త్రీ అడుగులు అవతలికి వెళ్ళాయి. తర్వాత మైకమ్మ కేక ఫారం అంతా మోగింది.

"అమ్మో! కరిచేశాడు పెద్దమ్మా! కొంగు పట్టేశాడు!"

"కరవలేదమ్మా," అంది మేకలక్క, తల ఎత్తకుండానే. "రమ్మంటున్నాడు. మేక ఈనుతోంది. వాడి వెంట వెళ్ళండి."

చెంబులు దొర్లిన చప్పుడు. అడుగులు పొదల వైపు పరిగెత్తాయి. ఫారం ఆయన కుర్చీలోంచి లేచాడు. కొంచెం సేపటికి పొదల్లోంచి గొంతు వచ్చింది.

"పెద్దమ్మా! ఒక కాలే కనబడుతోంది! మీరు రండి!"

మేకలక్క లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. కూర్చున్నచోటు నుంచే గొంతెత్తి అంది.

"దూడలకి పురుడు పోసిన చెయ్యి కాదా మీది? అలాగే చెయ్యండి. చిన్నప్రాణం, మెల్లిగా. అంతే."

ఫారం ఆయన ఆమెనీ పొదల్నీ మార్చి మార్చి చూశాడు. ఏమనుకున్నాడో, అటు వెళ్ళాడు. చాలాసేపటికి పొదల్లోంచి సన్నని అరుపు వినబడింది, అప్పుడే పుట్టిన పిల్లది. ఆ వెంటనే మైకమ్మ ఏడుస్తూ నవ్వుతూ ఏదేదో అంటోంది. "బంగారుకొండ, నా తండ్రి, ఎంత బుద్ధో నీకు" అంటోంది. మేకపిల్లని కాదు.

డాక్టరు వచ్చినప్పుడు ఫారం ఆయన చేతులు కడుక్కుంటూ ఎదురెళ్ళాడు. "ఆవుల్ని చూడండి చాలు. కుక్క సంగతి మర్చిపోండి. వాడు మా మనిషి," అన్నాడు.

మేకలక్క బకెట్టు తిరగేసి గోడకి ఆనించి పెట్టింది. పొదల దాకా వెళ్ళి దూరం నుంచి చూసింది. మచ్చలమేక పిల్లని నాకుతోంది. మేస్త్రీ దాని వీపుకి వీపు ఆనించి పడుకున్నాడు. మైకమ్మ చెయ్యి వాడి తల మీద ఉంది, మొత్తం చెయ్యి. ఆమె మేకలక్కని చూసి తలగుడ్డ విప్పబోయింది. ఉంచుకోమని మేకలక్క చేత్తోనే సైగ చేసింది. వెళ్ళొస్తానని చెప్పాలి. చెప్పకుండా గుమ్మం దాటడం ఏనాడూ లేదు. నోటిదాకా వచ్చిన ఆ మాటని మింగేసి వెనక్కి తిరిగింది.

గేటు గడియ చప్పుడు చెయ్యకుండా తీద్దామనుకుంది గాని, తుప్పుపట్టిన గడియ, కిర్రుమంది. పొదల దగ్గర మేస్త్రీ నిక్కబొడుచుకున్న చెవి ఇటు తిరిగింది. మేకలక్క గేటు పట్టుకుని నిలబడింది. చెవి కొంచెంసేపు అలాగే ఉంది. తర్వాత మేకపిల్ల వైపు తిరిగింది.

పెద్దరోడ్డు దాకా ఆమె వెనక్కి చూసుకుంటూనే నడిచింది. దుమ్ము, లారీలు, మళ్ళీ దుమ్ము. వస్తాడేమోనని భయం. రాకపోతే అన్నది మాత్రం అప్పటిదాకా ఆలోచించలేదు.

మేడ మెట్లెక్కి వచ్చేసరికి చెల్లెలు మిషను ఆపి, సూదిలో దారం అలాగే వదిలేసి లేచింది.

"ఏమైందక్కా? డాక్టరు..."

"బతికాడే. బాగానే ఉన్నాడు. ఆవిడ మాట విన్నాడు. ఉంచుకుంటామన్నారు."

"హమ్మయ్య! మరి ఆ ఏడుపు ఏంటే తల్లీ?"

మేకలక్క గుమ్మంలోనే కూలబడింది.

"గేటు తీశాను. విన్నాడు కూడా. నా వెనక రాలేదే వాడు."